రెండో పేరు

సుజయ్ సారు వీధి మలుపులో కారు ఆపి ఫోన్ చేసేదాకా ఆయన ఎమ్మిగనూరు వచ్చిన సంగతే రేణుకకు తెలియదు.

"మీ ఇల్లు యాడ రేణుకా? ఈ మగ్గాల సప్పుడులో ఏ సందో ఏమో తెలియకుండా ఉంది" అన్నాడు.

ఏడేళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. గొంతు మాత్రం నిన్న సాయంత్రం విడిపోయి ఇవాళ పొద్దున మళ్లీ కలిసిన మనిషిదిలా ఉంది. రేణుక చెప్పుల్లో కాళ్లు సరిగా దూర్చకుండానే వీధిలోకి పరుగెత్తింది.

ఆమె పుట్టింది కోసిగిలో. నాన్న మద్దయ్య, అమ్మ సంతోషమ్మ ఏటా పంటలు అయిపోగానే ఊళ్లో సగం మందితో పాటు గుంటూరు వైపు మిరపకోతలకు పోయేవాళ్లు. రేణుక హాస్టల్లో ఉండిపోయేది. హైస్కూల్లో లెక్కలు చెప్పే గురురాజ సారు రోజూ మంత్రాలయం నుంచి రైల్లో వచ్చి పోయేవాడు. ఆ పిల్లకు లెక్కలంటే ఎంత ఆకలో ఆయనే మొదట కనిపెట్టాడు. సెలవుల్లో కూడా వచ్చి కూచోబెట్టి చేయించాడు. ఇంజనీరింగ్ అయ్యాక పరిశోధన చేస్తానంటే తన కొడుకు పేరు చెప్పాడు. "మా సుజయ్ సముద్రం ఒడ్డున పెద్ద సంస్థలో ఉన్నాడు. ఓషన్ ఇంజనీరింగ్. నువ్వు అప్లికేషన్ పెట్టమ్మా, నేను మాట్లాడతాను." అట్లా సుజయ్ ఆమెకు గైడ్ అయ్యాడు.

ఇరవై మూడో ఏట ఆమె మొదటిసారి సముద్రాన్ని చూసింది. కానీ పని సముద్రంతో కాదు, ఒక తొట్టితో. ముప్పై మీటర్ల పొడవు, గాజు గోడలు, ఒక చివర అలలు పుట్టించే ఇనుపపలక. ఇంకో చివర, రేవును అలల నుంచి కాపాడే రాతికట్టకు చిన్న నమూనా. ఆ కట్ట మీద అగ్గిపెట్టెంత కాంక్రీటు దిమ్మలు ఆరువందల పన్నెండు ఒక్కొక్కటే చేత్తో పేర్చాలి. దగ్గర దగ్గరగా వచ్చే పొట్టి అలలు, ఒకదానికొకటి దూరంగా వచ్చే పొడుగు అలలు వదలాలి. ఎంత ఎత్తు అలకు ఏ దిమ్మ కదిలిందో రాసుకోవాలి. నీళ్లు దింపి మళ్లీ మొదటి నుంచి పేర్చాలి. రెండేళ్లు ఆమె చేసింది ఇదే. నీళ్లల్లో నాని నాని వేళ్ల కణుపుల దగ్గర తోలు పగిలిపోయేది.

ఆ ప్రయోగాల మీద అచ్చయిన పేపర్లో పేరు సుజయ్‌ది ఒక్కటే. చివర, డబ్బిచ్చిన సంస్థకు కృతజ్ఞతలు చెప్పాక, ప్రయోగాల్లో తోడ్పడిన కుమారి రేణుకకు అని ఒక ముక్క. అది అచ్చయ్యే నాటికే ఆమె డాక్టరేటు సగంలో వదిలేసి వచ్చేసింది. కూలీలను గుంటూరు నుంచి తెస్తున్న మినీలారీ బోల్తాపడి మద్దయ్య చనిపోయాడు. సంతోషమ్మకు ఎడమకాలు చచ్చుబడింది. అమ్మను చూసుకోవడానికి ఎవరూ లేరు. రేణుక ఎమ్మిగనూరులో ఇల్లు అద్దెకు తీసుకుని, ఆదోని దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. పేరు ముందు డాక్టర్ లేదు కాబట్టి ఏటా మళ్లీ కాగితం రాయించుకునే తాత్కాలికపు కొలువు.

ఆమె ఆగింది గానీ ఆ పేపరు ఆగలేదు. ఏ దేశంలో ఎవరు రాతికట్టల గురించి రాసినా దాన్ని పేర్కొన్నారు. ఒక పరిశోధకుడి పేపరును ఇంకొకరు తమ పేపర్లో పేర్కొంటే అది ఒక సైటేషన్. సుజయ్ లాంటివాళ్లకు ఉద్యోగం, పదవి, విదేశాల పిలుపులు అన్నీ ఆ అంకె వెంట నడుస్తాయి. రేణుక అప్పుడప్పుడూ బస్సులో కూచుని ఫోన్లో చూసుకునేది. ఎనభై. రెండువందల పది. ఐదువందలు. ఆయన ఇంటికొచ్చిన రోజుకు తొమ్మిదివందల పదమూడు. ఎందుకు చూస్తుందో ఆమెకే తెలియదు. వేరే ఇంట్లో పెరుగుతున్న బిడ్డను గోడ మీదుగా చూసినట్టు ఉండేది.

సుజయ్ కొంచెం లావయ్యాడు, జుట్టు ముందువైపు పల్చబడింది. సంతోషమ్మ గోడ పట్టుకుని లేవబోతే, "కూచో అమ్మా, కూచో" అని తనే చాప మీద కూలబడ్డాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెడితే ప్లేటు ఖాళీ చేసి ఇంకొంచెం పెట్టమన్నాడు. గురురాజ సారు కొడుకు తన ఇంట్లో కూచుని తింటుంటే సంతోషమ్మ ముఖం వెలిగిపోయింది.

చేయి కడుక్కుని వచ్చి ఆయన తలుపు దగ్గరగా వేశాడు.

"నాకు నీ సాయం కావాల రేణుకా."

విదేశంలో ఒక బృందం అదే దిమ్మలతో అదే నమూనా కట్టి చూసిందట. కట్ట నిలవలేదట. వాళ్లు పత్రికకు ఫిర్యాదు చేశారు. ఆరు వారాల్లో అసలు కొలతలు పంపమని పత్రిక అడిగింది. "ఆ కంప్యూటర్లు ఎప్పుడో పారేసినారు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. నువ్వు రాసుకున్న పుస్తకాలు ఉండాయి గదా?"

రేణుక ఏడేళ్లుగా అడగాలనుకున్నది ఒకటుంది.

"సార్, పొడుగు అలలకు దిమ్మలు నిలబడలేదు గదా. తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తుకే జారినాయి. ఐదుసార్లు చేసినా, ఐదుసార్లూ జారినాయి. పేపర్లో పద్నాలుగు దాకా నిలిచినట్టు ఎట్ల వచ్చింది?"

ఆయన తల దించుకున్నాడు. బయట మగ్గాలు టకటకమంటున్నాయి.

"అప్పుడు నాకు ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉండె. ఆ ఐదూ తీసేసి, గ్రాఫులో గీతను పైకి లాగినా. తప్పు చేసినా రేణుకా. ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుని తిరుగుతాండాను. ఇప్పుడు సరిదిద్దుదాం. నిజమైన లెక్కలు పంపుదాం. నీ పేరు ఏద్దాం. అప్పుడే ఏయాల్సింది."

"నా పేరా?"

"నువ్వే గదా చేసింది? రెండో పేరు నీది."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. గైడ్ ఏడవడం రేణుక ఎప్పుడూ చూడలేదు. ఆమెకు కోపం రావాల్సింది. దానికి బదులు ఛాతీలో ఎప్పటిదో ఒక బరువు దిగిపోయింది. తనకు తెలిసిన నిజం ఇంకొకరి నోటి నుంచి వినడమే ఆమెకు చాలనిపించింది.

ట్రంకుపెట్టె అడుగున, అమ్మ పెళ్లిచీర కింద, మూడు పొడుగాటి నోటుపుస్తకాలున్నాయి. అంకెలు, బొమ్మలు, పక్కన అంచుల్లో తెలుగులో రాసుకున్న మాటలు. అవి చేతిలోకి తీసుకున్నాక జిరాక్స్ తీయించాలన్న ఆలోచన వచ్చింది. సందు చివరే షాపు. ఆమె చూపు తలుపు వైపు పోవడం ఆయన గమనించాడు.

"నాకు ఆదోనిలో రైలుంది. మా ఆఫీసులో మంచి స్కానర్ ఉంది, మూడూ స్కాన్ చేసి నీకు పంపిస్తా."

ఇప్పుడే కళ్లు తుడుచుకున్న మనిషి ముందు, మిమ్మల్ని నమ్మను అన్నట్టు జిరాక్స్ షాపుకు పోవడం ఆమెకు చేతకాలేదు. సంతోషమ్మ కూడా చాప మీది నుంచి, "ఇయ్యి మ్మే, మన సారు కొడుకు గదా" అంది. రేణుక మూడు పుస్తకాలూ ఒక బట్టలషాపు సంచిలో పెట్టి ఇచ్చింది. అది జూన్ నెల.

ఆగస్టులో సుజయ్ దగ్గర్నుంచి పత్రిక ఫారం ఒకటి వచ్చింది. ప్రయోగాలు, కొలతలన్నీ చేసి రాసింది రేణుక అని అందులో ఉంది. అది నిజమే కాబట్టి సంతకం పెట్టింది. సెప్టెంబరులో పత్రిక ఒక సవరణ అచ్చేసింది: ఈ పేపరుకు రెండో రచయితగా ఎం. రేణుక పేరు చేర్చడమైనది. కొలతల సంగతి ఇంకా పరిశీలనలో ఉందని సుజయ్ మెసేజ్ పెట్టాడు. స్కాన్ కాపీల గురించి అడిగితే, 'పంపుతా' అన్నాడు.

ఆ సెప్టెంబరు రేణుక జీవితంలో మంచి నెల. సంతోషమ్మ కుంటుకుంటూ చర్చికి పోయి సాక్ష్యం చెప్పింది. మా బిడ్డ పేరు సముద్రాల పుస్తకంలో పడిందని. కాలేజీ ప్రిన్సిపాల్ తిరుపాల్ గారికి ఎవరో చెప్పారు. ఆయన కంప్యూటర్లో రేణుక పేరు కొట్టి చూసి కుర్చీలోంచి లేచాడు. పేరు చేరగానే ఆ పేపరుకు వచ్చిన సైటేషన్లన్నీ ఆమె ఖాతాలోకి వచ్చిపడ్డాయి. కాలేజీలో మిగతా అందరివీ కలిపినా యాభై దాటవు. మర్నాటికల్లా గేటు ముందు ఫ్లెక్సీ లేచింది: రేణుక ఫోటో, కింద అప్పటికి పెరిగిన సైటేషన్ల లెక్క, 931 అని పెద్ద అంకె. పిల్లలు దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. వచ్చే ఏడు ఉద్యోగం ఖాయం చేస్తామని తిరుపాల్ గారు స్టాఫ్ మీటింగులో అందరి ముందూ ప్రకటించాడు. డాక్టరేటు మళ్లీ మొదలుపెట్టాలని రేణుక పాత నియమాలన్నీ వెతుక్కుంది.

జనవరి మొదటి వారంలో, ల్యాబులో పిల్లల చేత పైపులో నీటి వేగం కొలిపిస్తుండగా మెయిల్ వచ్చింది. పత్రిక ఆ పేపరును ఉపసంహరించుకుంది. కారణం నాలుగు వాక్యాల్లో ఉంది. పొడుగు అలల కొలతలు నమ్మదగినవి కావు. ఆ కొలతలు తీసి రాసింది రెండో రచయిత్రి ఎం. రేణుక. వాటికి సంబంధించిన మూడో పుస్తకాన్ని ఆమె చూపించలేకపోయింది. ఈ లోపాలు మొదటి రచయితకు తెలియవు, ఆయన విచారణకు పూర్తిగా సహకరించారు.

రేణుక ఆ నాలుగు వాక్యాలను మూడుసార్లు చదివింది. ఆ పుస్తకం చూపించమని ఆమెను ఎవరూ అడగనే లేదు. "మేడం, రీడింగ్ ఎంత రాయమంటారు?" అని ఎవరో అడుగుతున్నారు.

జతచేసిన నివేదిక పదకొండు పేజీలు. అందులో ఆమె రెండో పుస్తకంలోని ఒక పేజీ ఫోటో ఉంది. తేదీ, అంకెలు, అంచున ఆమె చేతిరాత: "ఈ దినం మనసు యాడో ఉంది. ఈ కొలతలు నమ్మేదానికి లేదు. మల్లా చేయాల."

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. లారీ పడిందని, నాన్న కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నాడని పొద్దున్నే ఫోన్ వచ్చింది. బయల్దేరతానంటే సుజయ్, "ఈ ఒక్కదినం ఉండి ఆ రన్ ముగించి పో, తొట్టి మల్లా మనకు రెండు నెలలు దొరకదు" అన్నాడు. ఆమె ఉండింది. పేర్చింది. కొలిచింది. సాయంత్రం రైలెక్కింది. గుంతకల్లు చేరేసరికి నాన్న లేడు. నెల తర్వాత తిరిగి వచ్చి, తొట్టి ఖాళీగా దొరికిన వారంలో, ఆ రోజు కొలతలన్నీ పక్కన పెట్టేసి మొదటి నుంచి ఐదుసార్లు చేసి మూడో పుస్తకంలో రాసింది. దిమ్మలు జారిన కొలతలు అవే. సంస్థను వదిలే ముందు చేసిన చివరి పని అది.

పేజీ కింద ఆ తెలుగు మాటలకు ఇంగ్లీషు అనువాదం ఉంది. దాని కింద అనువదించిన వారి సంతకం. ఆ సంతకం ఆమెకు తన పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద నుంచీ తెలుసు. గురురాజ సారుది.

ఆమె వరండాలోకి వచ్చి సుజయ్‌కు ఫోన్ చేసింది. ఆయన వెంటనే ఎత్తాడు.

"సార్, నేను మూడు పుస్తకాలు ఇచ్చినాను."

"రెండే ఇచ్చినావు రేణుకా." గొంతులో కోపం లేదు, తొందర లేదు.

"మా అమ్మ సూస్తాండగా ఇచ్చినాను."

"మీ అమ్మకు సదువొచ్చునా? లెక్కబెట్టిందా?"

ఆయనే మళ్లీ అన్నాడు, పాఠం చెప్పినంత ఓపికగా. "సూడు. పేరు కావాలంటివి, ఏయించినా. నీకిప్పుడు పోయేదేముంది? ఆడ ఆదోనిలో పైపులు సూసుకుంటాండావు. నా కింద పదహారు మంది స్టూడెంట్లు ఉండారు, రెండు రేవుల పనులు ఉండాయి. నేను పడితే వాళ్లంతా పడతారు. నువ్వు పడితే నువ్వొక్కదానివే. నువ్వే ఆలోచించు."

"మీరు మా ఇంట్లో ఏడ్చినారు సార్."

"ఏడ్చినా. భయమేసి ఏడ్చినా. ఇప్పుడు భయం లేదు." ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం ఆమె మంత్రాలయం పోయింది. గురురాజ సారు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. లోపల సరస్వతీబాయమ్మ ఎవరితోనో కన్నడంలో మాట్లాడుతోంది. రేణుకను చూడగానే ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు, రమ్మనలేదు, వద్దనలేదు.

ఆమె మెట్టు దగ్గరే నిలబడి నివేదిక పేజీ ఆయన ముందు పెట్టింది.

"ఇది మీ సంతకమే గదా సార్?"

"నాదే." కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. "వాడు ఒక పేజీ ఇచ్చాడు. అందులో ఉన్న మాటలు ఇంగ్లీషులో రాసిచ్చాను. ఒక్క మాట కూడా మార్చలేదమ్మా. నువ్వే చూసుకో."

"సూసినా సార్. అనువాదంలో తప్పు లేదు. నా చేతిరాత అని మీకు తెలియలేదా?"

"తెలియకపోవడమేమిటి? నేను దిద్దించిన చేతిరాత."

"కింద 'మల్లా చేయాల' అని ఉంది గదా. మల్లా చేసిన పేజీ యాడుందని అడగలేదా సార్?"

ఆయన వీధిలోకి చూస్తూ కూచున్నాడు. యాత్రికుల ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అడగలేదు" అన్నాడు.

"ఇప్పుడు ఒక ఉత్తరం రాయండి సార్. మీరు సుజయ్ సారు నాయన అని, ఒక్క పేజీనే చూపించినాడని. అంతే రాయండి. నేను ఇంకేమీ అడగను."

"నాకు డెబ్బై మూడేళ్లు. నాకున్నది వాడొక్కడే. నువ్వు తెలివైనదానివి రేణుకా, ఎట్లనో ఒకట్ల బతుకుతావు. వాడికి ఆ పేరు తప్ప ఇంకేమీ లేదు." తర్వాత లోపలికి తిరిగి కేకేశాడు. "సరస్వతీ, ఈ అమ్మాయికి ప్రసాదం ఇచ్చి పంపు."

సరస్వతీబాయమ్మ పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. ఏం జరిగిందో ఆమెకు తెలియదు. "మీ అమ్మ కాలు ఎట్లుంది?" అని ప్రేమగా అడిగింది. రేణుక బాగానే ఉందని చెప్పి, పొట్లం పట్టుకుని బస్టాండుకు నడిచింది. పారేయడానికి మనసు రాలేదు, తినడానికీ రాలేదు. బస్సులో పక్కన కూచున్న ముసలామెకు ఇచ్చేసింది.

పత్రికకు తనే రాసింది. మూడో పుస్తకం ఇచ్చానని, అందులో ఏముందో అంకెలతో సహా, అనువాదకుడు మొదటి రచయిత తండ్రి అని. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. అనువాదం వేరొకరికి కూడా చూపించామని, అది కచ్చితంగా ఉందని. మూడో పుస్తకం ఇచ్చినట్టు రసీదు గానీ నకలు గానీ ఉంటే పంపమని. లేకపోతే ఈ విషయం ముగిసినట్టేనని. రసీదు లేదు. నకలు లేదు. సుజయ్ పనిచేసే సంస్థకు రాసింది. అక్కణ్నుంచి జవాబే రాలేదు.

గేటు ముందు ఫ్లెక్సీ ఫిబ్రవరి దాకా అట్లే ఉంది. దాన్ని తీసేయమని రేణుకే పోయి తిరుపాల్ గారికి చెప్పింది. ఎందుకని అడిగాడు ఆయన. ఆమె దాచకుండా అంతా చెప్పింది. ఆయన చాలాసేపు విన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు, అన్యాయం జరిగిందన్నాడు. సాయంత్రానికి ఫ్లెక్సీ దిగింది. మర్నాడు పొద్దున బస్సు దిగేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ తిక్కయ్య చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నిన్ను లోపలికి పంపొద్దన్నారు. నీ సామాన్లు ఈడే తెచ్చి పెట్టినారు. నేనేం సేసేది సెప్పు?"

అట్టపెట్టెలో ఆమె టిఫిన్ డబ్బా, రెండు పుస్తకాలు, ల్యాబు కోటు ఉన్నాయి. పైన ఒక కాగితం. కాలేజీ ప్రతిష్ఠకు భంగం కలిగించే విషయాన్ని దాచిపెట్టినందుకు తొలగిస్తున్నామని అందులో ఉంది.

"దాచిపెట్టలేదు తిక్కయ్యన్నా" అంది రేణుక. "నేనే పోయి సెప్పినా."

"సెప్పకుండా ఉండాల్సింది మ్మా" అన్నాడు తిక్కయ్య.

క్లాసులకు పోతున్న పిల్లలు ఆమెను చూశారు. ఫైనలియరు పిల్లలు ఇద్దరు తల పక్కకు తిప్పుకున్నారు. ఇంకొకడు ఫోన్ తీసి ఫోటో తీశాడు. ఆమె అట్టపెట్టె నడుముకు ఆనించుకుని రోడ్డు దాటి ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడింది.

ఇంట్లో ఆ కాగితం చదివి చెప్పమంది సంతోషమ్మ. చెప్పింది. పుస్తకాలు ఇయ్యి అన్నది తానేనన్న సంగతి ఆమెకు అప్పుడు తగిలింది. ఎవరేం చెప్పినా వినకుండా రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నా నోరు పడిపోను, నా నోరు పడిపోను" అని గోడకేసి తల కొట్టుకుంది. రేణుకకు తన ఏడుపు పక్కన పెట్టి అమ్మను పట్టుకోవడంతోనే సరిపోయింది.

ఇప్పుడామె గోనెగండ్లలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతోంది. అక్కడ ఎవరూ ఆమె పేరు కంప్యూటర్లో కొట్టి చూడలేదు. చెప్పడం బాగుందని పిల్లలు ఆమె క్లాసు కోసం ఎదురుచూస్తారు. సుజయ్ తన వివరాల పేజీలోంచి ఆ పేపరును తీసేశాడు; అది పోయినా ఆయనకు మూడువేల చిల్లర సైటేషన్లు మిగిలాయి. ఆ ఏడే ఆయన్ను ఒక జాతీయ కమిటీలో వేశారు. రేణుక పేరు మీద మాత్రం ఆ ఒక్క పేపరే ఉంది. ఉపసంహరణ నోటీసు చదవనివాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాళ్లు ఇంకా దాన్ని పేర్కొంటూనే ఉన్నారు. పేర్కొన్నప్పుడల్లా ఆమెకు మెయిల్ వస్తుంది.

ఆ మెయిళ్లను ఆపేయడం ఒక్క బటన్ పని. జులైలో ఆపేయబోతూ ఒకటి తెరిచి చదివింది. ఏదో ద్వీపంలో చేపలరేవుకు కడుతున్న కట్ట గురించి. పొడుగు అలలు వచ్చే తీరం. దిమ్మల బరువు లెక్కకట్టడానికి వాళ్లు పేపర్లోని పద్నాలుగునే తీసుకున్నారు. రేణుక ఆ అంకె దగ్గర ఆగిపోయింది. ఆ కట్ట వెనకాల పడవలుంటాయి. పడవల్లో మనుషులుంటారు.

ఆ ఇంజనీరుకు మర్యాదగా ఉత్తరం రాసింది: ఆ అంకె వాడొద్దు, అసలు కొలత తొమ్మిది, దిమ్మలు జారడం నా కళ్లతో ఐదుసార్లు చూశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మీ ఉత్తరానికి ధన్యవాదాలు. ఉపసంహరణ నోటీసు ఇప్పుడే చదివాం. కొలతల్లో తప్పులు చేసింది మీరేనని అందులో ఉంది కాబట్టి, మీ మాట మీద ఆధారపడలేం. ప్రొఫెసర్ సుజయ్ గారిని అడిగి నిర్ధారించుకుంటాం.

సుజయ్ వాళ్లకు ఏం చెప్పాడో ఆమెకు తెలియలేదు. మళ్లీ అడిగితే ఎవరూ పలకలేదు.

ఆగస్టులో ఇంకో ఇద్దరు అదే అంకె వాడారు, ఇద్దరికీ రాసింది. ఒకరు పలకలేదు. ఇంకొకరు, మళ్లీ ఇట్లా రాస్తే మీ మీద ఫిర్యాదు చేయాల్సి వస్తుందని బెదిరించారు. డిసెంబరుకు ఆమె రాసిన ఉత్తరాలు పదకొండు అయ్యాయి. మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లలు బయట కేకలు పెడుతుంటే, ఖాళీ క్లాసులో కూచుని, ఫోన్లో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ పన్నెండోది మొదలుపెట్టింది. కొత్త తెలుగు టీచరు ప్రేమలత తలుపులోంచి తొంగిచూసి, "ఎవరికి రాస్తాండావక్కా రోజూ?" అంది.

"పోర్చుగల్లో ఒకాయనకు" అంది రేణుక.

"మీ సుట్టాలా?"

"కాదు. నాకు ఆయనెవరో తెలీదు" అని మళ్లీ తల వంచుకుని రాసుకుంది.